చీమలు తినగా మిగిలింది

శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. మా కొత్తరేవు పట్టణంలో ఆ శాఖ ఇప్పుడు మున్సిపాలిటీ చేతికి వచ్చింది. శివుడైతే ఆజ్ఞ ఇచ్చి ఊరుకునేవాడు. వీళ్ళు ఆజ్ఞ ఇచ్చి, అది అమలవుతోందో లేదో చూడ్డానికి ఇంటికొచ్చి, కాఫీలో పంచదార ఇంకాస్త వెయ్యమంటారు.

నా పేరు భ్రమరాంబ. మా ఆయన గున్నేశ్వరరావుగారు తాలూకా ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. కాపురానికి వచ్చింది మొదలు ఆయన రిటైరయ్యేదాకా నేను అద్దె వాటాల్లోనే వండాను. ఒక వాటాలో వంటిల్లు మేడమెట్ల కింద ఉండేది. నిలబడితే నెత్తికి మెట్టు తగిలేది, కూర్చుంటే కళ్ళలోకి పొగ వచ్చేది. ఇంకో వాటాలో ఇంటివాళ్ళ వంట అయ్యాకే మా వంట. పండగనాడైనా సరే, వాళ్ళ గారెలు అయ్యేదాకా మా పిండి పులుస్తూ కూర్చోవాల్సిందే. కిందటి వేసవిలో సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు మా ఆయన్ని ఒక్కటే అడిగాను. ఇల్లు మీ ఇష్టం, వంటిల్లు మాత్రం నా ఇష్టం అన్నాను. తూర్పు కిటికీ పెట్టించుకున్నాను. నల్లరాతి గట్టు వేయించుకున్నాను. చెయ్యి చాస్తే అందేలా అలమర కట్టించుకున్నాను. ఆ వంటింట్లో రాబోయేది మొదటి ఉగాది. ఎవరి వంతు కోసమూ కాచుక్కూర్చోకుండా నా గట్టు మీద ఉగాది పచ్చడి కలుపుకోవాలన్నది నా కోరిక. ఇంతకంటే పెద్ద కోరికలు నాకు లేవు.

వేప పూతకొచ్చే రోజుల్లో చీమలు ఇళ్ళలోకి రావడం లోకసహజం. కొత్త బెల్లం వచ్చేది కూడా అప్పుడే. దీనికి మా అమ్మమ్మల కాలం నించీ ఒక ఒప్పందం ఉంది. పొద్దున్నే గుమ్మం ముందు బియ్యప్పిండితో ముగ్గు వేస్తాం. చీమ ఆ పిండి తిని, మూతి తుడుచుకుని, అటునుంచి అటే పోతుంది. లోపలికి రావాల్సిన అవసరం దానికి ఉండదు. కాగితమూ సంతకమూ లేకుండా ఇన్నాళ్ళు నడిచిన ఒప్పందం ఇంకోటి నాకు తెలియదు.

పోయిన దసరాకి మున్సిపాలిటీవారు ‘ముచ్చటైన వీధి’ అని ఒకటి మొదలుపెట్టారు. రోడ్డు మీద పిండి చల్లడం చెత్త వెయ్యడంతో సమానమని తేల్చారు. ముగ్గులు నిషేధించి, వాటికి బదులు ఇంటికో ప్లాస్టిక్ స్టిక్కరు అంటించి వెళ్ళారు. మా గుమ్మానికి నెమలి వచ్చింది. చీమలు ఆ నెమలి చుట్టూ తిరిగి, తినడానికి అందులో ఏమీ లేదని గ్రహించి, గడప దాటాయి.

“ముగ్గు లేకపోబట్టే చీమలొస్తున్నాయండీ” అన్నాను మా ఆయనతో.

“ముగ్గుకీ చీమకీ సంబంధమేంటే? అంత పెద్ద ఆఫీసర్లు ఆలోచించుకోకుండా ఆర్డరేస్తారా?” అన్నారు ఆయన. ఆర్డరు అనే మాట వినబడితే కూర్చున్నచోటే కాస్త సర్దుకుని కూర్చోవడం ఆయనకి అలవాటు.

చేసేది లేక బజారు నించి చీమల సుద్ద తెచ్చి బెల్లం డబ్బా చుట్టూ గీత గీశాను. అక్కడితో నా వంటింటి స్వాతంత్ర్యం ముగిసింది.

ఎందుకంటే ఈలోగా మా కమిషనరు విజయసారథిగారు ఏదో సదస్సుకి వెళ్ళొచ్చారు. ‘జీవమిత్ర పట్టణం’ అని ఒక పురస్కారం ఉందని ఆయనకి అక్కడ తెలిసింది. కొన్ని ఊళ్ళు పులులు చూపించి తెచ్చుకున్నాయట, కొన్ని కొంగలు చూపించి తెచ్చుకున్నాయట. మా ఊరంతా వెతికిస్తే దోమలూ చీమలూ దొరికాయి. దోమల మీద ఇదివరకే యుద్ధం ప్రకటించేశారు కనక అదృష్టం చీమలకి పట్టింది.

పట్టణ సూక్ష్మప్రాణి సంరక్షణాధికారి అని ఒకాయన మా ఇంటికి వచ్చారు. పేరు సన్యాసిరాజు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. నిన్నటిదాకా దోమల మందు పొగబండి వెనకాల తిరిగిన మనిషే. సరాసరి వంటింట్లోకి వచ్చి, బెల్లం డబ్బా ముందు గొంతుక్కూర్చున్నారు.

“ఈ గీత ఎవరు గీసేరమ్మా?”

“నేనే. చీమలు రాకుండా.”

ఆయన నాలిక కరుచుకున్నారు. “అలాగనకండి. దీన్ని ‘చీమల రాకపోకలకు అవరోధము కల్పించుట’ అంటారండి. నేరమండి.”

“మరి చీమలు నా బెల్లంలోకి వస్తే దాన్నేమంటారు?”

“వలస అంటారండి” అని, గదంతా కలయజూసి, “ఇంతకీ ఈ స్థలంలో ముందున్నది మీరా, చీమలా?” అని అడిగారు.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నారు. “చీమలేనండి. మేం స్థలం కొన్నప్పుడు ఇక్కడ ఇంతెత్తు పుట్టుండేది. దస్తావేజు సరిహద్దుల్లో కూడా తూర్పున పుట్ట అనే రాయించేనండి. ఆ పుట్ట తవ్వించే ఈ వంటిల్లు కట్టేం.”

నిజం చెప్పడానికి మా ఆయన ఇంత తొందరపడటం నేను ఎన్నడూ చూడలేదు. నా పుట్టినరోజు ఎప్పుడని అడిగితే మాత్రం ఆలోచించుకుని చెప్తారు.

సన్యాసిరాజుగారు లేచి నిలబడి, టోపీ ఉంటే తీసేవారేమో, చేతులు కట్టుకున్నారు. “అయితే ఇది చీమల పూర్వీకుల ఆవాసమండి. మీరు తర్వాత వచ్చినోళ్ళు.” సుద్ద స్వాధీనం చేసుకుని వెళ్ళిపోయారు. అందులో చిన్న ముక్క నా పోపుల డబ్బాలో మెంతుల కింద ఉండిపోయింది. ఉండిపోయింది అంటే నేనే దాచాను.

మర్నాడు మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాను. నేను ఏమైనా అంటే క్షమాపణ చెప్పడానికి మా ఆయన వెనకాలే వచ్చారు.

కమిషనరుగారి బల్ల మీద అద్దం కింద చీమ ఫొటో ఉంది. “అయ్యా, నాది ఒకటే మనవి. గుమ్మం ముందు చిటికెడు బియ్యప్పిండి వేసుకోనివ్వండి. చీమలు బయటే తింటాయి. మీ చీమా బతుకుతుంది, నా బెల్లమూ బతుకుతుంది” అన్నాను.

విజయసారథిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మీ అభ్యర్థనలో రెండు అంశాలు ఇమిడి ఉన్నవి. పిండి అనునది పారిశుద్ధ్య విభాగ పరిధిలోనిది. చీమ అనునది జీవవైవిధ్య విభాగ పరిధిలోనిది. పిండిని చీమ తినుట అను అంశం ఏ విభాగ పరిధిలోకీ రాదు.”

“ఏ పరిధిలోకీ రాకుండానే ఇన్నేళ్ళ నించీ తింటున్నాయి కదండీ.”

“అదే విచారకరం. అంతేగాక, చీమ శ్రమకు ప్రతీక. గుమ్మం వద్దకే ఆహారం సరఫరా చేసినచో దానికి సోమరితనం అలవడే ప్రమాదం కలదు. ఆ నైతిక బాధ్యత పురపాలక సంఘం వహించజాలదు.”

ఆయన ఇది చెబుతున్నంతసేపూ బంట్రోతు పక్కనే నిలబడి, నీళ్ళసీసా మూత తీసి పట్టుకుని ఉన్నాడు.

“అమ్మా, చింతించకండి” అన్నారు కమిషనరుగారు, నేను చింతిస్తున్నానో మండిపడుతున్నానో పోల్చుకోలేక. “మీ వంటింటిని పట్టణంలోనే ప్రప్రథమ చీమల అభయారణ్యంగా ప్రకటిస్తున్నాం. ఇకపై అది మీ ఒక్కరిదే కాదు, ప్రజలందరిదీ. మీరు గర్వపడాలి.”

నేను పడలేదు. మా ఆయన పడ్డారు.

ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. వీధి పొడుగునా షామియానా వేశారు, మైకులు కట్టారు. నా వంటింటి గుమ్మానికి రిబ్బను కట్టి, దాన్ని కొయ్యడానికి నా కత్తిపీటే అడిగారు. కమిషనరుగారు ‘అల్పప్రాణి అంటే అలుసా’ అనే అంశం మీద చాలాసేపు మాట్లాడి, బూట్లతో సహా లోపలికి నడిచారు. ఆయన వెనక కౌన్సిలర్లు, వాళ్ళ వెనక ఫొటోలవాళ్ళు నడిచారు. గుమ్మం నించి బెల్లం డబ్బాదాకా బారులు తీరి పోతున్న చీమలు ఆ బూట్ల కింద పడి నలిగిపోయాయి. ఆ వసంతంలో మా ఇంట్లో మొట్టమొదట చచ్చిన చీమలు అవే. నా సుద్ద గీత ఒక్కదాన్ని కూడా చంపలేదు. వెనక్కి పంపేది, అంతే. ఈ మాట పైకే అన్నాను. చప్పట్లలో కలిసిపోయింది.

నా గ్యాసుపొయ్యి తెచ్చి వీధరుగు కింద పెట్టారు. ముప్పయ్యేళ్ళు అద్దె వంటిళ్ళలో వండినప్పుడు కూడా నాకు నెత్తి మీద ఏదో ఒక కప్పు ఉండేది. సొంత ఇల్లు కట్టుకున్నాక రోడ్డు మీద వండుకోవాల్సి వచ్చింది. మొదటిరోజు పోపు వేస్తుంటే ఆవాలు చిట్లి సైకిలు మీద పోతున్నాయన మీద పడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఫొటోలవాళ్ళు ఆనందబాష్పాలని రాసుకుంటారని దిగమింగుకున్నాను.

ఆ తరవాత మోజు ముదిరింది. చీమలున్న ఇళ్ళకి నీలం బోర్డు, లేని ఇళ్ళకి ‘చీమల పట్ల ఉదాసీనత’ నోటీసు. పక్కింటి మంగతాయారు పాపం శుభ్రం ఎక్కువ మనిషి. ఒకనాడు గ్లాసు కొంగు చాటున పెట్టుకుని వచ్చింది.

“వదినా, ఓ గ్లాసుడు చీమలుంటే ఇద్దూ. సాయంత్రం తనిఖీకొస్తారంట. రేపొద్దున్నే తిరిగిచ్చేస్తాను.”

“నల్లవా, ఎర్రవా?”

“ఏవైనా పర్లేదులే. కుట్టనివైతే పిల్లలకి బాగుంటది.”

ఇచ్చాను. కాఫీపొడి ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళు, చీమల దగ్గర లేదంటే బాగుండదు. మంగతాయారు మాట నిలబెట్టుకుంది. మర్నాడు తెచ్చినప్పుడు గ్లాసులో చీమలు కాస్త ఎక్కువే ఉన్నాయి, తీసుకున్న గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కదా.

ఒక పొద్దున సన్యాసిరాజుగారు రోడ్డు మీద నా వంట తనిఖీ చేస్తున్నప్పుడు, మాటల్లో పెట్టి అడిగాను. “పొయ్యి పక్కన వంట సామాను పెట్టుకోవచ్చాండీ?”

“నిక్షేపంగా పెట్టుకోండమ్మా.”

“బియ్యప్పిండి?”

“అదీ వంట సామానే కదండి.”

“కింద ఒలికితే?”

“వంట చేసేటప్పుడు ఒలకడం సహజమండి. మానవ తప్పిదం.”

ఆ రోజు నించి నా పొయ్యి ముందు రోజూ మానవ తప్పిదం జరిగింది. ఒలికిన పిండి చుక్కలుగా ఒలికింది, చుక్కల చుట్టూ మెలికలుగా ఒలికింది. రెండు రోజులు తిరక్కుండా వంటింట్లో చీమలన్నీ బయటికి నడిచొచ్చాయి. అవి చదువుకోలేదు కనక పాత ఒప్పందం మర్చిపోలేదు.

సరిగ్గా అప్పుడే పురస్కారం ఇచ్చే పరిశీలక బృందం దిగింది. ఇద్దరు పెద్దమనుషులు, చేతిలో భూతద్దాలు. కమిషనరుగారు వాళ్ళని బూట్లు విప్పించి మరీ నా వంటింట్లోకి తీసుకెళ్ళారు. బోర్డు ఉంది. రిబ్బను ముక్క ఉంది. చీమ లేదు. అందరూ మోకాళ్ళ మీద పాకుతూ గట్టు కింద, అలమర వెనక వెతికారు.

“ఏవీ చీమలు?” అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

సన్యాసిరాజుగారికి చెమట పట్టింది. “ఈ రోజు రెండో శనివారమండి” అన్నారు.

పెద్దాయన భూతద్దంలోంచి ఆయన్ని చూశాడు. ఉగాదినాడు మళ్ళీ వస్తామనీ, అప్పుడూ ఇలాగే ఉంటే పక్క ఊళ్ళో తొండలు సిద్ధంగా ఉన్నాయనీ చెప్పి వెళ్ళిపోయారు.

చీమలు పోయాయి కనక నా వంటిల్లు నాకు ఇచ్చెయ్యండి అన్నాను. కమిషనరుగారు నావైపు జాలిగా చూశారు. “ఒకసారి ప్రకటించిన అభయారణ్యం ప్రాణి లేదన్న సాకుతో రద్దు చేయుట ప్రపంచంలో ఎక్కడా లేదు” అని, చీమల నిష్క్రమణ విచారణ సంఘం వేశారు. ఆ సంఘం నా వంటింట్లోనే మూడు బల్లలు వేసుకుని కూర్చుంది. నా ఊరగాయ జాడీలు దించి, వాటి చోట ఫైళ్ళు పెట్టారు. పుట్ట ఒకరిది, కాపురం ఒకరిది. గోడల రంగు చీమల మనోభావాలకి తగినట్టు లేదని ఒకరోజు అనుకున్నారు. కిటికీ తూర్పుకి ఉండటం వల్ల చీమలు ఎక్కువ ఎండకి లోనై కుంగిపోయాయని ఇంకోరోజు అనుకున్నారు. కిటికీ మూయించేద్దామన్న మాట నా చెవిన పడింది.

మా ఆయన వాళ్ళకి మంచినీళ్ళు అందిస్తున్నారు. “నీ వంటింట్లో ఎంత పెద్దోళ్ళు కూర్చున్నారో చూడవే” అన్నారు, పొంగిపోతూ.

“ఏవండీ, ఆ కిటికీ మూసేస్తే నేను మా అన్నయ్యింటికి పోతాను. మీరు, మీ ఆర్డర్లు, చీమలు కలిసి కాపురం చేసుకోండి” అన్నాను. మా ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టారు. నేను ఉత్తినే అనే మనిషిని కాదని ఆయనకి తెలుసు. ఆ మధ్యాహ్నం నించీ వాళ్ళకి మంచినీళ్ళు అందించడం మానేశారు. ఉద్యోగంలో చేరాక ఆయన ప్రభుత్వానికి ఎదురుతిరగడం అదే మొదటిసారి.

సాయంత్రం సన్యాసిరాజుగారు నా రోడ్డు పొయ్యి దగ్గరికి వచ్చి, మొహం వేలాడేసుకుని కూర్చున్నారు. “ఉగాదికి చీమలు రాకపోతే నన్ను మళ్ళీ పొగబండెక్కిస్తారంటమ్మా. దగ్గుతోటి చచ్చిపోతానండి.”

“వంట లేని వంటింట్లో చీమకేం పనయ్యా? పొయ్యి లేదు, మెతుకు లేదు, బెల్లం లేదు. ఫైళ్ళు తింటుందా?” అన్నాను.

ఆయన గబుక్కున లేచారు. నా మాట లోపలికి వెళ్ళేసరికి నివేదిక అయింది. కమిషనరుగారి దగ్గరికి చేరేసరికి పరిశోధన అయింది. మర్నాడు మైకులో వచ్చేసరికి కమిషనరుగారి స్వీయ పరిశోధన అయింది. దాని మీద వచ్చిన ఆర్డరు మా ఆయన నాకు నిలబడి చదివి వినిపించారు.

“సదరు అభయారణ్యమునందు ప్రతిదినము వంట జరగవలెను. సదరు వంట చీమల నిమిత్తమే జరగవలెను. వంటకములను మొదట చీమలకు సమర్పించవలెను. చీమలు తినగా మిగిలినది వృథా కాకుండా గృహస్థులు వినియోగించుకొనవచ్చును. ఈ విధులకై శ్రీమతి భ్రమరాంబను చీమల పాకశాస్త్ర నిపుణురాలిగా నియమించడమైనది.”

బల్లలు వెళ్ళిపోయాయి. జాడీలు ఎక్కాయి. కిటికీ బతికింది. నా పొయ్యి నా గట్టు మీదికి వచ్చింది. అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగించాను. నా వంటింట్లో వండుకోవడానికి నాకు చీమల దగ్గర ఉద్యోగం దొరికింది.

చీమల్ని ఎలా నడపాలో నాకు తెలుసు. తనిఖీ లేని రోజున గుమ్మం బయట కాస్త పిండి ఒలికిస్తాను, అవి అటు పోతాయి. తనిఖీ ఉన్న రోజున ఒలికించను, ఇటు వస్తాయి.

ఉగాదినాడు పిండి ఒలికించలేదు. తెల్లవారగానే తలంటు పోసుకుని, నా గట్టు మీద కొత్త కుండ పెట్టుకుని, కొత్త చింతపండు, మామిడి ముక్కలు, వేపపువ్వు, బెల్లం, ఉప్పు, మిరపపొడి కలిపాను. ఎవరి వంతు కోసమూ ఆగలేదు. ఆ కాసేపు నా కోరిక తీరింది. ఆ తరవాత పరిశీలక బృందం, కమిషనరుగారు, కౌన్సిలర్లు, మైకు వచ్చారు. అరిటాకు ముక్కలో చీమలకి పచ్చడి సమర్పించి, మేమంతా చేతులు కట్టుకుని నిలబడ్డాం. చీమలు వచ్చి బెల్లం ముక్కలు ఏరుకుని వెళ్ళాయి. పెద్దాయన భూతద్దంలోంచి చూసి “అద్భుతం” అన్నాడు. పురస్కారం ఖాయమైంది. మిగిలింది వృథా చెయ్యకూడదని ఆర్డరు ఉంది కనక, అధికారులు కుండ దగ్గరికి చేరి మామిడి ముక్కలు ఏరుకున్నారు. మా ఇద్దరి వంతుకీ కుండ అడుగున వేపపువ్వు మిగిలింది. మా ఆయన దాన్ని నోట్లో వేసుకుని, జీవితంలో మొదటిసారి ప్రభుత్వాన్ని తిట్టారు. గొణిగినట్టు తిట్టారు గానీ, నాకు వినబడింది.

పురస్కారం వచ్చినా పీడ పోలేదు. చీమల భోజనం సక్రమంగా జరుగుతోందో లేదో పర్యవేక్షించాలని విజయసారథిగారు రోజూ మధ్యాహ్నం వస్తున్నారు. చీమల వంటకాల్లో ముద్దపప్పూ ఆవకాయా ఉండాలని ఆయన సూచన. పప్పు ఉడికే సమయం కూడా ఆయనకి తెలిసిపోయింది.

నిన్న మెంతుల కింద దాచిన సుద్దముక్క తీసి, ఆయన వచ్చే వేళకి గడప మీద ఈ చివర్నించి ఆ చివరిదాకా గీత గీశాను. చీమలు వచ్చి, గీత దగ్గర ఆగి, మీసాలు కదిపి చూసి, మర్యాదగా వెనక్కి తిరిగాయి. కమిషనరుగారు దాటి లోపలికి వచ్చి పీట వాల్చుకున్నారు.